సందేహాలు - సమాధానాలు: నల్లా నీళ్లు తాగొచ్చా?

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ నుంచి, ముఖ్యంగా అలంపూర్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి, ఈసారి మంచినీళ్ల మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. రెండు నదులు ఇంటి ముందు పారుతున్నా తాగే గ్లాసు చేతిలోకి తీసుకోగానే భయం. ఆ భయంలో తప్పేమీ లేదు. కాకపోతే ఎక్కువమంది భయపడాల్సిన చోట ధైర్యంగా, ధైర్యంగా ఉండాల్సిన చోట భయంగా ఉన్నారని ఉత్తరాలు చదివితే అనిపించింది.

ప్రశ్న: నల్లా విప్పితే మందు వాసన గుప్పుమంటోంది. మా పాప ఆ నీళ్లు తాగనని ఏడుస్తోంది. రోజూ ఇంత మందు కడుపులోకి పోతే బిడ్డకు ఏమవుతుందోనని రాత్రి నిద్ర పట్టడం లేదు.
– ఓ తల్లి, అలంపూర్

జవాబు: అమ్మా, మీరు నిశ్చింతగా నిద్రపోవచ్చు. ఆ వాసన క్లోరిన్‌ది, అది మీ పాపకు కాపలా కాస్తున్న మందు. నల్లా దగ్గర లీటరు నీటికి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన దేశ తాగునీటి ప్రమాణం చెబుతోంది. జీవితాంతం తాగినా లీటరుకు 5 మిల్లీగ్రాముల వరకు హాని లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ రెండు అంకెల మధ్య ఎంత దూరం ఉందో చూడండి. వాసన పాపకు నచ్చకపోతే నీళ్లు పట్టి, పలుచటి గుడ్డ కప్పి కొంతసేపు ఉంచండి, వాసన తగ్గుతుంది. ఎప్పుడూ వచ్చే వాసన ఉన్నట్టుండి పూర్తిగా ఆగిపోతే మాత్రం వాటర్‌మన్‌ను అడగండి.

ప్రశ్న: కర్నూలు మురుగంతా తుంగభద్రలో కలుస్తుంది. నది అక్కడి నుంచే మా ఊరికి వస్తుంది. ఆ నీళ్లే మాకు పంపుతున్నారా?
– ఓ విశ్రాంత ఉద్యోగి, అలంపూర్

జవాబు: మీ భూగోళం సరిగ్గానే ఉంది. కర్నూలు మీకు ఎగువనే ఉంది, హంద్రీ కూడా అక్కడే తుంగభద్రలో కలుస్తుంది. కానీ గద్వాల జిల్లాకు మిషన్ భగీరథ పథకం నీళ్లు ప్రధానంగా తీసుకునేది కృష్ణ మీద ఉన్న జూరాల జలాశయం నుంచి. జూరాల దాటి చాలా దూరం వచ్చాక గాని కృష్ణ, తుంగభద్ర కలవవు, కాబట్టి కర్నూలు మురుగు జూరాలకు ఎదురెక్కి వెళ్లే దారే లేదు. అలాగని కృష్ణ నీళ్లు స్వచ్ఛమైనవని నేను అనను, దాని ఎగువనా పట్టణాలున్నాయి, పొలాలున్నాయి. ఏ నదీ శుద్ధి చేయకుండా తాగడానికి పనికిరాదు, అందుకే శుద్ధి కేంద్రాలు కట్టారు. మీరు భయపడాల్సింది శుద్ధి చేసిన నీటి గురించి కాదు. నది ఒడ్డున నేరుగా మోటారు పెట్టి తోడి, తాగడానికి పోసే ట్యాంకర్ ఎవరైనా తెస్తే దాని గురించి భయపడండి.

ప్రశ్న: వానాకాలం నది ఎర్రమట్టి నీళ్లతో పారుతుంది. అదే రోజు ఇంట్లో నల్లా నీళ్లు తేటగా ఉంటాయి. ఇంత మాయ ఎలా జరుగుతుంది? పటిక బాగా వేస్తారట, పటికతో మతిమరుపు వస్తుందని అంటున్నారు.
– యువ రైతు, మానవపాడు

జవాబు: మాయేమీ లేదు, ఓపిక ఉంది. వివరంగా చెబితే మీ భయం దానంతటదే తగ్గుతుంది.

నదిలోని మట్టి రేణువులు ఎంత సన్నవంటే వాటంతటవే అడుగుకు దిగవు. ఒక్కో రేణువు మీద ఒకే రకం విద్యుదావేశం ఉండటంతో ఒకదాన్నొకటి నెట్టేసుకుంటూ తేలుతుంటాయి. పటిక ఆ నెట్టుడును ఆపుతుంది. అప్పుడవి ఒకదానికొకటి అంటుకుని, విరిగిన పాలలో తునకల్లా పెద్దవై, బరువెక్కి కిందికి దిగుతాయి. గుండ్రటి పెద్ద తొట్టిలో రెండు మూడు గంటలు ఈ పని జరుగుతుంది, పైన తేరిన నీరు అంచు దాటి ఇసుక పడకల మీదికి పోతుంది. ఇసుక మిగిలిన నలుసును పట్టేస్తుంది. ఇసుక నిండిపోతే రోజుకో రెండు రోజులకో కింది నుంచి నీళ్లు, గాలి ఎగదన్ని కడుగుతారు. చివర క్లోరిన్ కలిపి, అది పనిచేయడానికి కనీసం అరగంట నిలవ ఉంచి, అప్పుడు పైపులోకి వదులుతారు.

ఇంతకీ పటిక ఎంత వేయాలి? అదే శుద్ధి కేంద్రం ల్యాబులో కూర్చున్నవారి అసలు విద్య. ఆరు గాజు పాత్రల్లో ఆ రోజు నది నీళ్లు పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు పటిక కలిపి, ముందు వేగంగా, తర్వాత నెమ్మదిగా తిప్పి, తేరనిస్తారు. తక్కువ పటికతో బాగా తేరిన పాత్ర ఏదో చూసి ఆ మోతాదే ప్లాంటుకు చెబుతారు. దీన్ని జార్ టెస్ట్ అంటారు. వరద రోజుల్లో ఉదయం లెక్క సాయంత్రానికి పనికిరాదు, పూటపూటకూ చేయాల్సిందే. ఈ ఒక్క పరీక్షలో బద్ధకిస్తే ఎంత ఖరీదైన ప్లాంటు అయినా బురదే పంపుతుంది.

పటిక సరిగ్గా వేస్తే అది మట్టితోపాటే అడుగున బురదగా మిగిలిపోతుంది. నీటిలో మిగిలే అల్యూమినియం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు దాటకూడదన్నది హద్దు. తాగునీటిలోని ఆ కాస్త అల్యూమినియంతో మతిమరుపు వస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు. మన పెద్దలు చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపి నీళ్లు తేర్చేవారు, అదీ ఇదే పని. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: పటికైనా చిల్లగింజైనా నీటిని తేటపరుస్తుంది, క్రిములను పూర్తిగా చంపదు. ఇంట్లో పటిక తిప్పి, తేరగానే తాగేయడం ప్రమాదం.

ప్రశ్న: నల్లా నీళ్లు పాలలాగా తెల్లగా వస్తున్నాయి. సున్నం కలిపారా, పౌడర్ కలిపారా?
– గృహిణి, ఉండవెల్లి

జవాబు: రెండూ కాదు, గాలి. గాజు గ్లాసులో పట్టి కదల్చకుండా ఓ నిమిషం చూడండి. తెలుపు కింది నుంచి పైకి తగ్గుకుంటూ వస్తే అవి సన్నటి గాలి బుడగలు, నిరభ్యంతరంగా తాగొచ్చు. పైనుంచి కిందికి తేరి అడుగున పొడి మిగిలితేనే వాటర్‌మన్‌కు చూపించండి.

ప్రశ్న: క్లోరిన్ నీళ్లు తాగితే క్యాన్సర్ వస్తుందని వాట్సాప్‌లో వీడియో వచ్చింది. అప్పటి నుంచి మా ఇంట్లో బోరు నీళ్లే తాగుతున్నాం.
– డిగ్రీ విద్యార్థి, అయిజ

జవాబు: మీరు భయపడింది పూర్తిగా గాలిమాటకు కాదు, అందుకే మిమ్మల్ని తప్పుపట్టను. ఆకులు, నాచు కుళ్లిన నీటిలో క్లోరిన్ కలిస్తే ట్రైహలోమీథేన్లు అనే పదార్థాలు లేశమాత్రంగా పుడతాయి, అందుకే వాటికీ హద్దులు పెట్టారు. ముందు పటికతో, ఇసుకతో ఆ చెత్తను తీసేసి ఆ తర్వాతే క్లోరిన్ కలిపితే అవి బాగా తగ్గుతాయి. వాటికి భయపడి క్రిములను చంపే పని మాత్రం ఎన్నడూ మానొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టిగానే చెప్పింది. అమెరికాలోని జెర్సీ సిటీ 1908లో ఊరంతటికీ క్లోరిన్ నీళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది, అప్పటి నుంచి ఊరూరా టైఫాయిడ్, కలరా వెనక్కి తగ్గుతూ వచ్చాయి. పరీక్ష చేయించని బోరు నీళ్లకు మారడం మటుకు నాకు నచ్చలేదు, ముందు ఆ బోరు నీళ్లు పరీక్షకు పంపండి.

ప్రశ్న: మా నల్లాలో మొదటి రెండు బిందెలు కంపు కొడతాయి, తర్వాత బాగానే ఉంటాయి. ప్లాంటులోనే సరిగ్గా శుద్ధి చేయడం లేదనుకుంటున్నాం. వీధిలో అందరం మోటార్లు బిగించుకున్నాం, లేకపోతే నీళ్లు ఎక్కవు.
– చేనేత కార్మికుడు, రాజోలి

జవాబు: మీ ఉత్తరంలోనే జబ్బూ ఉంది, దాని కారణమూ ఉంది. కోపగించుకోకుండా వినండి.

ప్లాంటులో నీళ్లు చెడితే ఊరంతా, గంటల తరబడి, ఒకేలా చెడ్డ నీళ్లు రావాలి. మొదటి రెండు బిందెలే చెడి తర్వాత బాగుంటే తప్పు మీ వీధి పైపులో ఉంది. నీళ్లు వదిలినప్పుడు పైపులో ఒత్తిడి ఉంటుంది, చిల్లు ఉంటే నీళ్లు బయటికి కారతాయి తప్ప మురుగు లోపలికి రాదు. సరఫరా ఆగాక ఒత్తిడి పోతుంది. అప్పుడు పక్కనున్న కాలువలోని మురుగు అదే చిల్లులోంచి లోపలికి జారుతుంది. మోటారు పెట్టారంటే ఇక చెప్పక్కర్లేదు, అది పైపులోని నీళ్లతోపాటు కాలువ నీళ్లనూ బలంగా గుంజుతుంది. ఇంటికో మోటారు చొప్పున వీధంతా గుంజుతుంటే చివరి ఇంటికి చేరేది ఏమిటో మీరే ఊహించండి.

2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో జరిగింది ఇదే. తాగునీటి గొట్టంలో మురుగు కలిసి జనం ప్రాణాలు పోయాయి. శుద్ధి చేసిన నీళ్లే దారిలో పాడయ్యాయి.

ఈ రోజు నుంచి చేయాల్సింది చెబుతాను. మొదటి బిందెలు తాగడానికి పట్టకండి, వాకిలి కడగడానికో చెట్లకో వాడండి. కంపు పోయేదాకా తాగే నీళ్లు మరిగించండి, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు. నల్లా గుంత కాలువలో ఉంటే పైకి లేపించండి. మున్సిపాలిటీకో పంచాయతీకో వీధిలోవారంతా సంతకాలు పెట్టి రాసివ్వండి, లీకు ఎక్కడుందో వాళ్లు తవ్వి చూడాలి. నీళ్లు ఎక్కకపోవడం మీ తప్పు కాదు, ఒత్తిడి పెంచమని గట్టిగా అడగండి. కానీ మోటార్లు మాత్రం అందరూ ఒకేసారి తీసేయాలి, ఒక్కరు తీస్తే లాభం లేదు.

ప్రశ్న: రెండు రోజులు నీళ్లు ఆగి వచ్చాయి. తుప్పు రంగులో ఉన్నాయి. కడుపులో తుప్పు పడుతుందా?
– కిరాణా వ్యాపారి, అలంపూర్ చౌరస్తా

జవాబు: పట్టదు. నీళ్లు ఆగి ఒక్కసారిగా వదిలినప్పుడు ఇనుప పైపుల్లో పేరుకున్న తుప్పు ఊడి వస్తుంది, ఇనుముతో ఒంటికి హాని లేదు, తెల్లబట్టలకే హాని. తేటపడేదాకా వదిలేసి తర్వాత పట్టుకోండి. నల్లగా, కుళ్లిన గుడ్ల వాసనతో వస్తే అది వేరే సంగతి, ఆ నీళ్లు నోట్లో పోసుకోవద్దు.

ప్రశ్న: మా బడి ట్యాంకు నీళ్లను చిన్న సీసాలో పోసి పెట్టాం. మర్నాటికి నల్లగా మారాయి. పిల్లలు ఇప్పటికే ఆ నీళ్లు తాగారు. చేతులు ఆడటం లేదు.
– ఉపాధ్యాయిని, ఇటిక్యాల మండలం

జవాబు: టీచరమ్మా, మీరు పరీక్ష చేశారు కాబట్టే ఈ సంగతి బయటపడింది, ముందు ఆ మేలు చూడండి. ఆ సీసాను హెచ్‌టూఎస్ వయల్ అంటారు, ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మలంతో వచ్చే క్రిములు ఉండొచ్చని అర్థం. ఉండొచ్చని మాత్రమే, మట్టిలో ఉండే కొన్ని మామూలు సూక్ష్మజీవులూ దాన్ని నల్లబరుస్తాయి. ఆ నీళ్లు తాగిన పిల్లలందరూ జబ్బుపడరు, చాలామందికి ఏమీ కాదు.

తాగడం వెంటనే ఆపించండి. ట్యాంకు ఖాళీ చేసి, అడుగు రుద్ది కడిగించండి. నింపాక వెయ్యి లీటర్లకు దాదాపు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ చాలు, అంటే టీ చెంచాడు కంటే తక్కువే. దాన్ని ముద్దగా కలిపి, బకెట్ నీళ్లలో కరిగించి, తేరిన నీళ్లు మాత్రమే ట్యాంకులో పోయించండి. గంట ఆగాక వాడొచ్చు. మూట విప్పి నెలలు గడిచిన పౌడర్‌లో క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది, అది సున్నం చల్లినట్టే. మళ్లీ ఒక సీసా పెట్టండి, జిల్లా ల్యాబుకూ నమూనా పంపండి. ఆ ల్యాబు చూసేది ఈ.కోలై అనే క్రిమిని, వంద మిల్లీలీటర్లలో అది ఒక్కటి కూడా ఉండకూడదు.

ప్రశ్న: మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. ముందు పళ్ల మీద గోధుమ రంగు గీతలు వచ్చాయి. చిన్నప్పటి నుంచి బోరు నీళ్లే తాగాడు. ఎముకలు కూడా వంకర పోతాయా? నీళ్లు మరిగించి ఇస్తే తగ్గుతుందా?
– ఓ తల్లి, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: పళ్ల మీద గీతలు వచ్చినంత మాత్రాన ఎముకలు వంకర పోవు అమ్మా, ఆ భయం వదిలేయండి. అది ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ల వల్ల కావచ్చు, డెంటల్ ఫ్లోరోసిస్ అంటారు. పళ్లు చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ల లోపు, తాగిన నీళ్లు చూపే ప్రభావం ఇది. వచ్చిన గీతలు వాటంతట పోవు, దంతవైద్యుడు కనబడకుండా చేయగలడు. ఎముకలకు చేటు రావాలంటే ఎక్కువ ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగాలి, మీరు ఇప్పుడు ఆపేస్తున్నారు కాబట్టి ఆ దారి మూసుకుపోయినట్టే.

మరిగించడం మాత్రం పొరపాటు. నీరు ఆవిరై పోయేకొద్దీ మిగిలిన నీటిలో ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు, అది దాటితే వద్దు. మన దేశంలో ఈ జబ్బును 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు. తర్వాత నల్గొండ పేరు దీనితో ముడిపడి, పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే విధానానికి నల్గొండ పద్ధతి అనే పేరే స్థిరపడింది. నదుల్లో పారే నీటిలో ఫ్లోరైడ్ మామూలుగా తక్కువ. ఇళ్లకు నది నీళ్లు తేవడానికి నాకు కనిపించే అతి పెద్ద కారణం ఇదే, పాలమూరు పల్లెల్లో పిల్లల పళ్లు చూసినవారికి వాదన అక్కర్లేదు. మీ ఊరికి నల్లా నీళ్లు వస్తుంటే తాగడానికే కాదు, అన్నం, పప్పు, టీ అన్నింటికీ అవే వాడండి. బోరు నీళ్లు బట్టలకు, పశువులు కడగడానికి ఉంచండి.

బాబు నడుము వంచలేకపోయినా, కీళ్లు బిగుసుకున్నట్టు చెప్పినా డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మిషన్ తెచ్చి కొలిస్తే నల్లా నీళ్ల టీడీఎస్ 350 చూపించింది, క్యాన్ నీళ్లది 40. 350 విషమే కదా? నల్లా నీళ్లు సప్పగా కూడా ఉంటాయి.
– దుకాణదారు, గద్వాల

జవాబు: కాదండీ, 350 చక్కటి అంకె. ఆ మిషన్ నీటిలో కరిగిన ఉప్పులూ ఖనిజాలూ ఎంతున్నాయో చెబుతుంది, క్రిములున్నాయో లేదో చెప్పదు. మన ప్రమాణంలో 500 దాకా మంచిది, వేరే దిక్కు లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. 500 లోపు నీళ్లున్న చోట ఆర్వో మిషన్లు వాడనివ్వొద్దని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో ఆదేశించింది, ఎందుకంటే అవి ఖనిజాలను తీసేస్తాయి, బోలెడు నీళ్లు కాలువపాలు చేస్తాయి. ఏళ్లుగా ఉప్పటి బోరు నీళ్లకు అలవాటుపడిన నాలుకకు నది నీళ్లు సప్పగానే ఉంటాయి, నెల రోజుల్లో సర్దుకుంటుంది.

క్యాన్ నీళ్ల మీద నాకో అనుమానం ఉంది, చెప్పేస్తాను. మూత మీద సీలు, ఐఎస్ఐ గుర్తు లేని క్యాన్‌ను లోపల ఎవరు కడిగారో, ఎప్పుడు కడిగారో తెలియదు. ఆర్వో అయ్యాక ఆ నీటిలో క్లోరిన్ ఉండదు, అంటే తర్వాత చేయి తగిలినా, ఈగ వాలినా కాపాడేవాడు లేడు. క్లోరిన్ ఉన్న 350 నీళ్లా, క్లోరిన్ లేని 40 నీళ్లా అంటే నేను మొదటివే తాగుతాను.

ప్రశ్న: నాకు మూడో నెల పాప. ఎండలకు నోరు ఆరిపోతుందని అత్తమ్మ మరిగించిన నీళ్లు పట్టమంటోంది. ప్లాంటు నీళ్లు పట్టొచ్చా?
– బాలింత, వనపర్తి

జవాబు: అత్తమ్మది ప్రేమే, కానీ ఏ నీళ్లూ వద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలలోనే పాపకు కావాల్సిన నీరంతా ఉంది, మన ఎండల్లో కూడా. దాహం అనిపిస్తే ఇంకోసారి పాలివ్వండి, మీరు నీళ్లు ఎక్కువ తాగండి, ఆ నల్లా నీళ్లే తాగండి. పాపకు రోజుకు ఆరుసార్లకు తక్కువ మూత్రం వస్తున్నా, పాలు తాగకుండా మగతగా పడుకుంటున్నా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: నల్లా నీళ్లతో తలస్నానం చేస్తే జుట్టు రాలుతోంది.
– ఇంటర్ విద్యార్థిని, అలంపూర్

జవాబు: తాగునీటిలో ఉండే కొద్దిపాటి క్లోరిన్‌తో జుట్టు రాలదు. పరీక్షలు, నిద్రలేమి, రక్తం తక్కువ కావడం, జ్వరం వచ్చి తగ్గడం, వీటిలో ఏదైనా ఉందేమో చూసుకో తల్లీ. హిమోగ్లోబిన్ ఒకసారి పరీక్ష చేయించుకో.

ప్రశ్న: 2009 అక్టోబరులో మా వీధంతా మునిగింది. వాన గట్టిగా పడితే ఇప్పటికీ గుండె దడ. మళ్లీ వరద వస్తే తాగునీళ్ల సంగతేంటి?
– ఓ పెద్దాయన, అలంపూర్

జవాబు: ఆ వరదను కళ్లారా చూసినవారికి ఆ దడ సహజం. కర్నూలు, అలంపూర్ రెండూ ఒకేసారి మునిగిన రోజులవి. వరదలో ప్లాంటు నడిచినా కరెంటు పోవచ్చు, పైపులు తెగొచ్చు, కాబట్టి మబ్బు పట్టిన నాడే మూతున్న బిందెల్లో, డ్రమ్ముల్లో రెండు మూడు రోజుల తాగునీళ్లు నింపి పైన పెట్టుకోండి. నీళ్లలో మునిగిన బోరు, సంపు, చేదబావి ఏదైనా సరే తోడించి, బ్లీచింగ్ వేయించి, పరీక్ష అయ్యేదాకా తాగొద్దు. నల్లా మళ్లీ మొదలయ్యాక కొన్నాళ్లు మరిగించి తాగడం మేలు. వరద నీళ్లు రంగు తేరినంత మాత్రాన మంచివైపోవు.

ప్రశ్న: మా ఇల్లు నీటి శుద్ధి కేంద్రం పక్కనే. అక్కడ పెద్ద పెద్ద క్లోరిన్ సిలిండర్లు దించుతుంటే చూశాను. అవి పేలితే?
– గృహిణి, గద్వాల దగ్గర

జవాబు: క్లోరిన్ దానంతటది మండదు, గ్యాస్ బండలా అంటుకోదు. ప్రమాదం పేలుడుతో కాదు, లీకుతో. పనివాళ్లు అమోనియా తడిపిన గుడ్డను సీల్ దగ్గర పెట్టి చూస్తారు, లీకుంటే తెల్లపొగ లేస్తుంది, అంత చిన్న లీకునూ ముందే పట్టొచ్చు. ఘాటైన వాసనతో పసుపుపచ్చ పొగ ఎప్పుడైనా కనబడితే గాలి ఎటు నుంచి వీస్తోందో ఆ వైపు, ఎత్తైన చోటికి వెళ్లండి. అది గాలికంటే బరువు, పల్లంలో పరుచుకుంటుంది. తడిగుడ్డ ముక్కుకు పెట్టుకోండి, కళ్లు మండితే నీళ్లతో కడగండి. ఏడాదికోసారైనా మీ వీధివాళ్లకు ఈ విషయం చెప్పి చూపించమని ప్లాంటువారిని అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: 2020లో తుంగభద్ర పుష్కరాలకు సంగమంలో మునిగి మూడు దోసిళ్లు తాగాను. ఇప్పటికీ ఊరికి వెళ్లినప్పుడల్లా నది తీర్థం బాటిల్లో తెచ్చుకుంటాను. మా అబ్బాయి తిడుతున్నాడు.
– ఓ అమ్మమ్మ

జవాబు: అమ్మా, 2020లో తాగినదానికి ఇప్పుడు భయం లేదు, ఏమైనా అయ్యేదైతే ఆ తర్వాతి కొద్ది వారాల్లోనే అయ్యేది. తీర్థం తెచ్చుకోండి, దేవుడి దగ్గర పెట్టుకోండి, తలమీద చల్లుకోండి. నోట్లో వేసుకునేది మాత్రం మరిగించి చల్లార్చినది వేసుకోండి, అలంపూర్ జోగులాంబ అమ్మవారు కాదనదు. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి, చిన్నపిల్లలకు పచ్చి నదినీళ్లు ఒక్క చుక్క కూడా వద్దు.

ప్రశ్న: మా వీధిలో మూడిళ్లలో వాంతులు, విరేచనాలు. మాకింకా రాలేదు. నీళ్ల వల్లేనా? ఏం చేయాలి?
– ఓ తండ్రి, వడ్డేపల్లి మండలం

జవాబు: ఒక ఇంట్లో వస్తే తిండి అనుకోవచ్చు, పక్కపక్క మూడిళ్లలో వస్తే ముందు నీళ్లనే అనుమానించాలి. ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో ఇప్పుడే చెప్పండి, వాళ్లు నీళ్ల నమూనా తీయిస్తారు. మీ ఇంట్లో ఇవాళ్టి నుంచి మరిగించిన నీళ్లే తాగండి, ముందు పట్టి ఉంచినవి పారబోయండి, ముంచేది పొడుగు కాడ గరిటె కావాలి, చేయి బిందెలో పెట్టకూడదు. ఎవరికైనా మొదలైతే ఓఆర్ఎస్ పొట్లం ఒకటి లీటరు నీళ్లలో కలిపి గుక్కగుక్కగా పట్టండి. అది దొరకకపోతే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలవాలి. ఇలా చేస్తే ఎక్కువమంది ఇంట్లోనే కోలుకుంటారు. కళ్లు గుంటలు పడినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, బియ్యం కడిగిన నీళ్లలా విరేచనం అవుతున్నా, రక్తం పడినా, పిల్లవాడు లేపినా లేవకపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మీరు చెప్పేవన్నీ బాగానే ఉన్నాయి. కానీ మా ఇంటికి వచ్చే నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో మాకెలా తెలుస్తుంది? అధికారులు ఉందనే చెబుతారు.
– మహిళా సంఘం సభ్యురాలు, మానవపాడు మండలం

జవాబు: మంచి ప్రశ్న, ఎవరి మాటా నమ్మక్కర్లేకుండా మీరే చూసుకోవచ్చు. క్లోరోస్కోప్ అనే చిన్న డబ్బా ఉంటుంది. గాజు గొట్టంలో నల్లా నీళ్లు పోసి, సీసాలోని మందు కొన్ని చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది, పక్కనున్న రంగులతో పోల్చితే అంకె తెలుస్తుంది. రంగే రాకపోతే క్లోరిన్ లేనట్టు. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు ఇలాంటి పరీక్షలు నేర్పాలని ఏర్పాటుంది, మీ సంఘం నుంచే పేర్లు ఇవ్వండి. ట్యాంకు కింద పరీక్ష చేసి ఊరుకోవద్దు, అక్కడ ఎప్పుడూ బాగానే ఉంటుంది. పైపు చివరన ఉన్న ఆఖరి ఇంట్లో, నీళ్లు వదిలిన మొదటి పావుగంటలో చేయండి. అక్కడ 0.2 కనబడితే ఆ రోజుకు ఊరంతా తాగొచ్చు. వరసగా రెండు రోజులు కనబడకపోతే ఆ అంకెలు తేదీతో సహా కాగితం మీద రాసి పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి.